హుజ్జత్, బుర్హాన్, జిదాల్: మన తెలుగులో వాదన మాటల తీరు

ధార్మిక విషయాలపై తెలుగులో వెలువడే పుస్తకాలను వరుసగా చదివే పాఠకుడు ఒక సంగతిని గమనించక మానడు. అరబీలో హుజ్జత్ అని ఉన్నచోట ‘వాదన’ అని ఉంటుంది. జిదాల్ అని ఉన్నచోటా ‘వాదన’యే. మునాజరా అన్నా అంతే, దావా అన్నా అంతే. ఇక బుర్హాన్, బయ్యినా, సుల్తాన్, దలీల్, ఆయత్ అనే ఐదింటికీ ‘నిదర్శనం’ అనే ఒక్క మాటతో పని గడిచిపోతుంది. బలాగత్ వచ్చేసరికి ‘అలంకారం’ సిద్ధంగా ఉంటుంది.

ఇది అనువాదకుని తొందరపాటు అని సరిపెట్టుకోవచ్చును. కాని ఈ పదాలు వట్టి పేర్లు కావు. రుజువు తేవలసిన బాధ్యత ఎవరిది, ప్రశ్నించే హక్కు ఎవరిది, ఎంతవరకు వచ్చి ఆగాలి, అసలు గెలుపు అంటే ఏమిటి అనే మర్యాదలన్నీ వీటిలో ఇమిడి ఉన్నాయి. పదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతే ఆ మర్యాదలు కూడా కలిసిపోతాయి. మన ఉపన్యాసాలలోను, కరపత్రాలలోను, ఇరుగుపొరుగు సోదరులతో జరిగే సంభాషణలలోను ఆ ఫలితం కనిపిస్తూనే ఉన్నది. కనుక ఈ మాటలను ఒక్కొక్కటిగా తీసి చూడడం పాండిత్య వినోదం కాదు, అవసరం.

రుజువులలో తారతమ్యం

మొదట హుజ్జత్. దివ్య ఖుర్ఆన్‌లో ఈ పదం సత్యవాదన మీదనే కాక అసత్యవాదన మీద కూడా ప్రయోగించబడింది. ఒకచోట (42:16) కొందరి హుజ్జత్ వారి ప్రభువు వద్ద నిలవక జారిపోయేదని చెప్పబడింది. మరొకచోట (6:149) గమ్యాన్ని చేరే హుజ్జత్ అల్లాహ్‌దే అని చెప్పబడింది. అనగా హుజ్జత్ అనేది ఎదుటివాని ముందు నిలబెట్టే వాదం మాత్రమే. అది నిలుస్తుందా, కూలుతుందా అన్నది దానికి చేర్చిన విశేషణం చెబుతుంది. ఇటువంటి పదాన్ని ‘తిరుగులేని నిదర్శనం’ అని అనువదిస్తే 42:16 వద్ద అర్థం తలక్రిందులవుతుంది. పోనీ ఉర్దూ వాడుక ననుసరిద్దామంటే అక్కడ హుజ్జత్ చేయడమంటే అడ్డదిడ్డంగా మాట్లాడడం. రెండూ మూలానికి దూరమే.

బుర్హాన్ సంగతి వేరు. స్వర్గం తమకే పరిమితమని చెప్పుకున్నవారిని, మీరు సత్యవంతులైతే బుర్హాన్ తీసుకురండని అడగడం జరిగింది (2:111). హజ్రత్ మూసా (అ)కు ఇవ్వబడిన చేతికర్ర, తెల్లగా ప్రకాశించిన చేయి రెండు బుర్హాన్‌లని పేర్కొనబడ్డాయి (28:32). కాబట్టి చూచినవానికి సందేహం మిగలనీయని స్పష్టత అనేది ఈ మాటలోని ప్రాణం. గ్రీకు తర్కగ్రంథాలు అరబీలోకి వచ్చిన తరువాత, నిశ్చయమైన ఆధారవాక్యాల నుండి నిశ్చయమైన ఫలితాన్ని రాబట్టే పద్ధతికి కూడా బుర్హాన్ అనే పేరే స్థిరపడింది. ఈ రెండవ అర్థం తరువాతి కాలానిది. దానిని తీసుకుపోయి చేతికర్ర ప్రస్తావన మీద మోపకూడదు. అట్లే ఫారాబీ, ఇబ్నె సీనాల గ్రంథాలను అనువదించేటప్పుడు దీనిని వదలిపెట్టనూ కూడదు.

బయ్యినా అనగా తేటతెల్లమైనది. న్యాయవ్యవహారంలో ఇది సాక్ష్యానికి పేరు. దావా వేసినవాడే బయ్యినా తేవాలనే ధర్మసూత్రం హదీసు మూలంగా ఫిఖ్‌హ్ అంతటికీ పునాది అయింది. ఇక సుల్తాన్‌లో అధికారమనే భావం విడదీయరానిది. ఒక సందర్భంలో (37:156) అది స్పష్టమైన ఆధారం. మరొక సందర్భంలో (14:22) షైతాన్ తనకు మానవులపై ఎటువంటి సుల్తాన్ లేకుండెనని చెప్పుకుంటాడు. ఇక్కడ ‘నిదర్శనం’ అని వ్రాస్తే వాక్యం చెడుతుంది. ‘ప్రమాణం’ అనే మాటకు తెలుగులో ఆధారం, ఒట్టు, కొలత అనే మూడు అర్థాలున్నందున అదొక్కటే చాలదు. ‘అధికార ప్రమాణం’ అంటే కొంతవరకు దగ్గరవుతుంది.

జిదాల్ అంటే జగడమేనా?

అన్నింటికన్నా ఎక్కువ నష్టం జరిగినది జిదాల్ విషయంలో. ఈ ధాతువునుండి వచ్చిన పదాలు ఖుర్ఆన్‌లో పలుచోట్ల నిందార్థకంగా ఉన్న మాట నిజమే. హజ్ దినాలలో జిదాల్ కూడదు (2:197). అసత్యాన్ని పట్టుకొని సత్యాన్ని పడగొట్టడానికి చేసే జిదాల్ శిక్షార్హమైనది (40:5). మానవుడు అన్నింటికన్నా ఎక్కువగా జిదాల్ చేసేవాడనే మందలింపు కూడా ఉన్నది (18:54). వీటిని మనసులో పెట్టుకొని అనువాదకుడు ‘జగడం’, ‘పోట్లాట’ అని నిశ్చింతగా వ్రాసుకుపోతాడు.

కాని అదే క్రియ మరి రెండు చోట్ల ఉన్నది. లూత్ (అ) జాతి విషయమై హజ్రత్ ఇబ్రాహీం (అ) జిదాల్ చేసినట్లు చెప్పి, వెంటనే ఆయన సహనశీలి అనీ, ఆర్ద్రహృదయుడనీ, ప్రభువు వైపు మరలేవాడనీ ప్రశంసించడం జరిగింది (11:74–75). ఇది పోట్లాట ఎట్లా అవుతుంది? ఇది వేడుకోలు. ఇక 58వ సూరాకు ముజాదలా అనే పేరే వచ్చింది. భర్త అన్న అన్యాయపు మాటవల్ల దిక్కులేనిదైన ఒక స్త్రీ, హజ్రత్ ఖౌలా అని ఉల్లేఖనాలు చెబుతాయి, దైవప్రవక్త (స) సన్నిధిలో తన గోడు విడిచిపెట్టకుండా చెప్పుకున్నది. ఆమె మాటను అల్లాహ్ విన్నాడని సూరా ప్రారంభమవుతుంది. ఆమెను ‘గయ్యాళి’గా చూపే ఏ తెలుగు మాట వాడినా ఆ సూరాలోని న్యాయమే మాసిపోతుంది.

మొర, వేడుకోలు, వాగ్వాదం, మొండితనం అనే ఈ నాలుగింటికీ అరబీలో ఒకే ధాతువు ఉండడంలో ఒక బోధ ఉన్నది. వాదించడం అనే పని తనంత తాను మంచీ కాదు, చెడూ కాదు. ఎందుకు, ఎవరి పక్షాన, ఏ తీరున అన్నదే దాని విలువను నిర్ణయిస్తుంది. అదృష్టవశాత్తు ఈ బంధాన్ని నిలుపుకునే శక్తి తెలుగుకు ఉన్నది. ‘మొరపెట్టి వాదించు’, ‘వేడుకొని వాదించు’, ‘వాదులాడు’ అన్నప్పుడు ధాతువు ఒకటే, రంగులు వేరు. పాఠకునికి ఏకత్వమూ తెలుస్తుంది, భేదమూ తెలుస్తుంది.

ప్రశ్నించేవాని స్థానం

మన మదరసాలలో ఫిరంగీమహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ (మరణం 1748) పేరున నడిచే దర్సె నిజామీలో మునాజరా ఒక ప్రత్యేక విద్య. 17వ శతాబ్దికి చెందిన జౌన్‌పూర్ పండితుడు అబ్దుర్రషీద్ వ్రాసిన రషీదియా ఇందుకు పాఠ్యగ్రంథం. ఈ విద్యలో సంభాషణను మూడు తరగతులుగా విభజించారు. సత్యాన్ని బయటికి తేవడం ఉద్దేశమైతే అది మునాజరా. ఎదుటివానిని కట్టిపడవేయడమే ఉద్దేశమైతే ముజాదలా. ఈ రెండూ కాక ఊరకే మొండికేస్తే ముకాబరా. ఈ మూడింటినీ విడదీసే గీటురాయి సంకల్పం. ఎంత మంచి యుక్తి వాడినా సంకల్పం మారితే తరగతి మారుతుంది.

సంస్కృత పరిచయం గల తెలుగు పాఠకునికి ఇక్కడ గౌతముని న్యాయసూత్రాలలోని వాదం, జల్పం, వితండ గుర్తుకు వస్తాయి. పోలిక ఆకర్షణీయమైనదే. తెలుగువారి విద్యాసంప్రదాయంలో కూడా వాదానికి తరతమ భేదాలున్నాయని తెలుసుకోవడం మేలే. కాని మూడింటికి మూడు జత కలిపివేయడం పొరపాటు. వితండ అనగా తనదైన పక్షాన్ని నిలబెట్టకుండా పరపక్షాన్ని మాత్రం ఖండించడం. మునాజరా విద్యలో తన పక్షం ఏదీ నిలబెట్టకుండా ప్రశ్నించడం దోషం కాదు. అది ఒక గౌరవస్థానం. ఆ స్థానంలో ఉన్నవానిని సాయిల్ అంటారు. ఉర్దూలో ఈ మాట బిచ్చగానికి కూడా చెల్లుతుంది గాని ఇక్కడ అతడు హక్కుగల ప్రశ్నకర్త.

అతనికి మూడు హక్కులున్నాయి. నీ ఆధారవాక్యాన్ని నేను ఒప్పుకోవడం లేదు, దానికి రుజువు చూపమని అడగవచ్చు, ఇది మన్అ. నీ రుజువు సరి అయితే ఫలానా అసంగత ఫలితం కూడా ఒప్పుకోవలసి వస్తుందని చూపవచ్చు, ఇది నఖ్జ్. నీ రుజువుకు ఎదురుగా ఇదిగో మరొక రుజువు అని నిలపవచ్చు, ఇది ముఆరజా. మొదటి రెండింటిలో అతడు ఏ సిద్ధాంతాన్నీ భుజాన వేసుకోనక్కరలేదు. ఎదుటివాడు కేవలం ఒకరి మాటను ఉల్లేఖిస్తే, ఆ ఉల్లేఖన సరియైనదని మూలం చూపమని అడగవచ్చు. సొంతంగా ఒక మాట ప్రతిపాదిస్తే దానికి దలీల్ అడగవచ్చు.

ఇప్పుడు మన వాడుక చూడండి. ఉపన్యాసం ముగిసిన తరువాత ఒక యువకుడు లేచి, తాము చెప్పిన హదీసు ఏ గ్రంథంలోనిదని అడిగితే ‘వితండవాదం చేయకు’ అనే మాట ఎంత సులభంగా వస్తుంది! మునాజరా ప్రకారం ఆ యువకుడు ఉల్లేఖనకు మూలం అడిగాడు. అతడు తన స్థానంలో సక్రమంగా నిలిచి ఉన్నాడు. స్థానం తప్పినది జవాబు చెప్పవలసినవాడు. ఒక్క పదం తప్పుగా పడినందువల్ల హక్కుదారు దోషి అయ్యాడు. బుర్హాన్ తెమ్మని ఇతరులను అడిగిన గ్రంథాన్ని చేతపట్టిన మనం, మనలను ఆధారం అడిగినవారిపై విసుక్కోవడం ఎంతవరకు సబబో ఆలోచించాలి.

ఈ సందర్భంలో ముద్దాయి అనే మాట వింత గొలుపుతుంది. అరబీలో ముద్దఈ అనగా దావా వేసినవాడు. రుజువు భారం అతనిదే. తెలుగు కచేరీ భాషలో ముద్దాయి అనగా నేరం మోపబడినవాడు. ముద్దఈ అన్నచోట ‘ముద్దాయి రుజువు చూపాలి’ అని వ్రాస్తే, నింద మోసినవాడే తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోవాలనే అర్థం వస్తుంది. ఇస్లామీ న్యాయసూత్రం సరిగా తిరగబడుతుంది. ఇక్కడ వాది, ప్రతివాది అనే మాటలే శ్రేయస్కరం.

దారి తప్పించే పరిచిత పదాలు

పరిచయమున్న పదమే ఎక్కువ ప్రమాదకరం. ఖియాస్‌ను కొందరు సంస్కృత మర్యాద ప్రకారం ‘అనుమానం’ అంటారు. న్యాయశాస్త్రంలో అనుమానం ఒక జ్ఞానసాధనం. నిప్పును పొగనుబట్టి తెలుసుకోవడం వంటిది. సాధారణ పాఠకునికి మాత్రం అనుమానమంటే శంక. ‘ఇమాములు అనుమానం మీద తీర్పు చెప్పారు’ అని చదివినవాడు ఏమనుకుంటాడు? ఉర్దూలో ఖియాస్ అంటే ఊహ అనే అర్థం కూడా ఉండడంతో గందరగోళం రెట్టింపవుతుంది. ఫిఖ్‌హ్‌లో అయితే ‘సాదృశ్య నిర్ణయం’ అనీ, తర్కంలో అయితే ఖియాస్ అనే ఉంచి వివరించడం మంచిది.

జమీర్ ఇంకొకటి. వ్యాకరణంలో అది సర్వనామం, ఉర్దూలో మనస్సాక్షి. తర్కంలో ఒక ఆధారవాక్యాన్ని పైకి చెప్పకుండా శ్రోత మనసుకు వదలిన వాదనకు ఆ పేరు. ‘ఆయన హాజీ, అబద్ధమాడడు’ అన్నప్పుడు హాజీలెవరూ అబద్ధమాడరనే వాక్యం లోపల దాగి ఉన్నది. పైకి తీసి చూస్తేనే దాని బలహీనత తెలుస్తుంది. ఉపన్యాసాలలోని వాదనలు ఎక్కువ భాగం ఈ జాతివే. కనుక దీనికి ‘గుప్తవాదన’ వంటి ఒక తెలుగు పేరు ఉండడం శ్రోతకు ఆయుధం వంటిది.

ఖితాబత్‌ను ‘వక్తృత్వం’ అంటాము. వేదిక మీది విద్యకు అది సరిపోతుంది. తార్కికులు చెప్పే పంచకళలలో ఖితాబత్ వేరు. అందులో బుర్హాన్ నిశ్చయజ్ఞానం మీద, జదల్ నలుగురూ లేదా ఎదుటివాడు ఒప్పుకున్న మాటల మీద, ఖితాబత్ విశ్వసనీయుల మాటల మీద, బలమైన సంభావ్యత మీద, కవిత్వం భావచిత్రాల మీద, ముగాలతా నిజంవలె కనిపించే భ్రమ మీద ఆధారపడతాయి. ఈ విభజన తెలిసినవాడు ఖితాబత్‌ను తృణీకరించడు; దానిని బుర్హాన్ అని చెలామణీ చేయనూ చేయడు.

బలాగత్ అలంకారం కాదు

బలాగత్‌ను అలంకారశాస్త్రం అనడం చాలాకాలంగా వస్తున్నది. బలాగత్ విద్యకు మఆనీ, బయాన్, బదీఅ అని మూడు శాఖలు. వీటిలో సొగసులను గూర్చి చెప్పేది మూడవది మాత్రమే. ఖజ్వీనీ (మరణం 1338) చెప్పిన నిర్వచనం ప్రకారం బలాగత్ అనగా మాట స్వచ్ఛంగా ఉంటూనే సందర్భం కోరిన దానికి సరిపోవడం. ఈ పదానికి ధాతువు చేరుకోవడం అనే అర్థం గలది. 6:149లో హుజ్జత్‌కు విశేషణంగా నిలిచిన మాట కూడా ఇదే ధాతువుది. చేరని మాటకు ఎన్ని సొగసులున్నా అది బలీగ్ కాదు. 11వ శతాబ్దిలో కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ప్రతిపాదించిన ఔచిత్యం ఈ భావానికి అలంకారం కన్నా చాలా దగ్గరిది.

అదే శతాబ్దికి చెందిన అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ తన దలాయిలుల్ ఇఅజాజ్‌లో ఒక ముచ్చట చెప్పాడు. తత్త్వవేత్త కిందీ ఒక భాషాపండితుని వద్దకు వచ్చి, అరబ్బుల మాటలో వ్యర్థపదాలు కనిపిస్తున్నాయని ఆక్షేపించాడట. అబ్దుల్లాహ్ నిలబడి ఉన్నాడనే సంగతినే ఒకసారి ఊరకే, ఒకసారి ‘ఇన్న’ చేర్చి, ఒకసారి దానితోపాటు ‘లామ్’ కూడా చేర్చి చెబుతారు. అర్థం ఒక్కటే కదా అన్నాడు. అర్థాలు మూడు అని పండితుడు జవాబిచ్చాడు. మొదటిది తెలియనివానికి సమాచారం, రెండవది అడిగినవానికి జవాబు, మూడవది కాదన్నవానికి సమాధానం.

యాసీన్ సూరాలో ఒక పట్టణానికి వచ్చిన సందేశవాహకుల వృత్తాంతాన్ని (36:13–16) బలాగత్ గ్రంథాలు ఇందుకే ఉదహరిస్తాయి. మొదట వారు తాము పంపబడినవారమని ఒక బలపదంతో చెబుతారు. ప్రజలు గట్టిగా కాదన్న తరువాత అదే మాటను ప్రభువు ఎరుకను సాక్ష్యంగా నిలిపి, మరింత బలపరచి చెబుతారు. ఎదుటివారి నిరాకరణ పెరిగిన కొద్దీ మాటబలం పెరిగిందే గాని దూషణ పెరగలేదు. తెలుగులో ‘ఇన్న’ కనిపించిన ప్రతిచోట ‘నిశ్చయంగా’ అని వ్రాసుకుపోతే ఈ మెట్లు కనిపించవు. అన్ని వాక్యాలూ నిశ్చయమైనప్పుడు ఏదీ నిశ్చయంగా వినిపించదు. తెలుగులో ‘ఏ’, ‘కదా’, ‘సుమా’, ‘ముమ్మాటికీ’ వంటి మెట్లున్నాయి. వాడుకొనడమే కావాలి.

నోరు మూయించుట, ఒప్పించుట

ఇఖ్నాఅ అనే మాట సంతృప్తి, సరిపెట్టుకోవడం అనే అర్థాలు గల ధాతువునుండి వచ్చింది. ఎదుటివాని మనసు కుదుటపడాలి. ఇల్జామ్ అనగా అతనికి దారి లేకుండా చేయడం. ఉర్దూలోవలె నింద మోపడం కాదు. తెలుగులో ఒప్పించడం, మెప్పించడం, నమ్మించడం, నోరు మూయించడం అనే నాలుగు మాటలు ఇక్కడ ఎంతో విలువైనవి. మెప్పించినంత మాత్రాన ఒప్పించినట్లు కాదు. నమ్మించడంలో మోసం కలిసే అవకాశం ఉన్నది. నోరు మూయించడం ఒప్పించడానికి ఎదురు కూడా కావచ్చును.

ప్రభువు విషయమై హజ్రత్ ఇబ్రాహీం (అ)తో వాదానికి దిగిన పాలకుని వృత్తాంతం (2:258) చూడండి. జీవన్మరణాలు ప్రసాదించేవాడు తన ప్రభువని ఆయన అంటే, ఆ పని తానూ చేయగలనని పాలకుడు మాటను వక్రించాడు. ఇబ్రాహీం (అ) ఆ వక్రతను పట్టుకొని సాగదీయలేదు. ఎవరూ వక్రించ వీలులేని ఉదయ సూర్యుని ముందుకు తెచ్చారు. ఇది ఒక రుజువును వదలి మరొక రుజువుకు పోవడమా, లేక అదే రుజువుకు మరింత తేటైన ఉదాహరణ ఇవ్వడమా అని ఇమామ్ రాజీ (మరణం 1210) వంటివారు చర్చించారు. ఇమామ్ గజాలీ (మరణం 1111) తన అల్ ఖిస్తాస్‌లో ఈ వాదాన్ని పెద్ద త్రాసుగా లెక్కించాడు. వీటన్నింటితోపాటు మనం గమనించవలసినది, ఆ పాలకుడు నిరుత్తరుడయ్యాడని చెప్పబడిందే గాని విశ్వసించాడని చెప్పబడలేదు. స్వయంగా ప్రవక్త చేసిన వాదంలోనే ఇల్జామ్ వేరు, ఇఖ్నాఅ వేరు అయినప్పుడు, ఎదుటివాడు మౌనం వహించడాన్ని మనం విజయంగా ప్రకటించుకోవడం తగునా?

ప్రభువు మార్గం వైపు పిలుపుకు హిక్మత్, మంచి ఉపదేశం, ఉత్తమ రీతిలో జిదాల్ అని మూడు తీరులు పేర్కొనబడ్డాయి (16:125). ఇబ్నె రుష్ద్ (మరణం 1198) ఈ మూడింటిలో బుర్హాన్, ఖితాబత్, జదల్‌లను చూశాడు. ఇమామ్ రాజీ కూడా ఇంచుమించు అదే దారిన నడిచాడు. ఇబ్నె తైమియా (మరణం 1328) గ్రీకు విభజనను ఖుర్ఆన్ పదాలకు అంటగట్టడాన్ని ఒప్పుకోలేదు. ఏ పక్షం తీసుకున్నా వాక్యనిర్మాణం ఒక సంగతి చెబుతున్నది. పిలుపు అనే క్రియ క్రింద ఉన్నవి హిక్మత్, ఉపదేశం రెండే. జిదాల్‌కు వేరే క్రియ ఉన్నది. పిలవడం అసలు పని. వాదించడం అవసరం వచ్చినప్పుడు చేసేది. పైగా ఉపదేశం ‘మంచిది’ అయితే చాలును, జిదాల్ మాత్రం ‘అత్యుత్తమమైనది’ కావాలి. నిప్పుతో పని గనుక జాగ్రత్త ఎక్కువ. ఈ భేదాన్ని చెరిపివేసి మూడింటినీ ఒకే ఊపులో ‘వాదించండి’ అన్నట్లు చేసే అనువాదం ఆజ్ఞ స్వరూపాన్నే మారుస్తుంది.

చేయదగిన పని

సామాన్య పాఠకునికి ఇన్ని పారిభాషిక పదాలెందుకని కొందరంటారు. పదం అక్కరలేకపోవచ్చు, భేదం అక్కర ఉన్నది. మరికొందరు అరబీ పదాలను యథాతథంగా ఉంచడమే క్షేమమంటారు. అట్లా వ్రాసిన పుస్తకం మదరసా గోడ దాటదు. మధ్యేమార్గం ఏమనగా, హుజ్జత్, బుర్హాన్, మునాజరా, బలాగత్ వంటి కొన్నింటిని నిలిపి మొదటిసారి వచ్చినచోట వివరించడం. తక్కినవాటికి ఒక్కొక్క దానికి ఒక్కొక్క తెలుగు మాట స్థిరపరచి గ్రంథమంతటా దానిని తప్పకపోవడం. ఆధారం, రుజువు, సాక్ష్యం, సూచన, అధికార ప్రమాణం అనే ఐదు మాటలు మనకు సిద్ధంగానే ఉన్నాయి. ఒకదాని చోట మరొకటి పెట్టకపోతే చాలును.

ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం హైదరాబాదులో 1917లో ఏర్పడిన దారుత్తర్జుమాలో పదనిర్మాణానికి విషయజ్ఞులు, భాషాజ్ఞులు కలిసి కూర్చునేవారు. ఉర్దూ కోసం ఈ నేలమీద జరిగిన ఆ కృషి తెలుగు కోసం జరగడానికి అడ్డేమీ లేదు. రషీదియా చెప్పగల ఆలిమ్, న్యాయసూత్రాలు తెలిసిన పండితుడు, తెలుగు నుడికారం ఎరిగిన రచయిత ఒకచోట కూర్చుంటే నూరు పదాల పట్టిక తయారుకావడం కష్టం కాదు. వారి మధ్య అభిప్రాయభేదాలు రాక తప్పవు. అప్పుడు వారు చేసేది మునాజరా కావాలి, ముజాదలా కాకూడదు. ఆ రెండింటికీ తెలుగులో తేడా చెప్పగలగడమే ఆ పట్టికకు మొదటి పరీక్ష.